ఏడు సెకన్ల నీళ్లు

తాళంచెవి చేతికియ్యకముందే
ఓనరమ్మ నన్ను గ్రూపుల ఏసింది.
"నల్లా టైము, నాలుగో గల్లీ."
బోరబండల నీళ్లెప్పుడొస్తయో
నీళ్లకే తెల్వదు.
ఒకనాడు తెల్లారగట్ల, ఒకనాడు నడిజామున,
ఒక్కోనాడు రానే రావు.

ఎనభై ఆరు మంది. ఒక్కరి మొకం ఎరుగ.
పొద్దుగాల లేస్తే గులాబీలు, దేవుండ్లు,
ఎవలిదో తప్పిపోయిన కోడిపుంజు ఫొటో.
మ్యూట్ చేసిన.
ఆ వారం రెండుమార్లు
తానం లేకుండనే షిఫ్టుకు పోయిన.
మ్యూట్ తీసిన.

అగో, అప్పుడు విన్న ఆ గొంతు:
"అచ్చినయ్ అచ్చినయ్! నల్లా అచ్చింది, లెవ్వుండ్రి!
ధార సన్నగున్నది, మీదింటోల్లు మోటరెయ్యకుండ్రి,
కిందున్నోల్లం మనుషులం గాదా?"
పేరు లేదు. నంబరు పక్కన
పసుపు గోడకు ఆనిచ్చిన ఇత్తడి బిందె ఫొటో.
"బిందె" అని సేవ్ చేసుకున్న.

చదువు రాదంట. అందుకే రాయదు, పలుకుతది.
రాత్రి రెండున్నరకు ఆ గొంతు
మెట్లెక్కకుండనే మూడంతస్తులెక్కి
నా దిండు కింద మోగేది.
దాని వెనక ఒక దగ్గు,
తడి నేల మీద చెప్పుల చప్పుడు,
"నానమ్మా, పండుకో" అనే పిలగాని నిద్రమాట.

ఒకసారి నీళ్ల ముచ్చట కాదు:
"ఫర్హానా బిడ్డకు ఫిట్సొచ్చినయ్,
బండున్నోల్లు ఎవలన్న మేల్కొనున్నరా?"
నా స్కూటీకి పెట్రోలు అంతంతే ఉండె.
అయినా పోయిన.
ఎనభై ఆరు నంబర్లల్ల ఒక నంబరు
బిడ్డను మన ఇద్దరి నడుమ ఒత్తిపట్టి
ఎర్రగడ్డ దాక నా వీపు మీద ఏడ్చింది.
ఆమె మొకం నేను మొదలు అద్దంల చూసిన.

అంత మంచిగనే ఉన్నమని చెప్ప.
ఎన్నికలప్పుడు ఎవడో ఒక వీడియో పంపిండు.
రెండు రోజులు గ్రూపు మండింది.
పదకొండు మంది ఎల్లిపోయిన్రు.
మూడోనాడు, ఎండిన డ్రమ్ముల సాక్షిగ,
ఒక్కరొక్కరే తిరిగొచ్చిన్రు.
సారీ అని ఎవలు అనలె.
"ఇయ్యాల వస్తయా?" అని అడిగిన్రు, అంతే.

ఆషాఢంల గొంతు ఆగిపోయింది.
జోసెఫ్ సారు "నీరు వచ్చినది" అని టైపు చేసేటోడు,
కామాలు ఫుల్‌స్టాపులతో సహా.
ఎవలం లేవకపోతుంటిమి.
అక్షరాలకు భుజం తట్టే చెయ్యి లేదు.

మూడు వారాలకు, రాత్రి రెండూ నలభైకి,
ఇత్తడి బిందె పక్కన ఒక ఆడియో.
ఏడు సెకన్లు.
మాట లేదు.
ఖాళీ బిందెల మొదటి నీళ్లు
టంగున పడి, గలగలమని,
మెల్లగ మెత్తవడి, బొద్దుగయ్యే చప్పుడు.
కింద మనవడు రాసిండు:
"నానమ్మకు గొంతు ఆపరేషనైంది. ఇగ మాట రాదు.
ఇది పంపుమని సైగ చేసింది."

చాలాసేపు ఎవలు ఏం రాయలె.
దండం బొమ్మలు గూడ పెట్టలె.
అప్పుడు ఫర్హానా దగ్గర్నుంచి
ప్లాస్టిక్ బకెట్ల పడే నీళ్లొచ్చినయ్.
సెంట్రింగ్ కుమారస్వామి డ్రమ్ము,
జోసెఫ్ సారు రాగి చెంబు,
కొత్తగ దిగిన ఒడిశా పిలగాండ్ల పెయింటు డబ్బా.
చెవికాడ ఫోను పెట్టుకుంటే
గల్లీ గల్లీ నిండుతున్నది.

నేను మా నల్లా ఇడిచిపెట్టి
బకెట్ పట్టుకొని గల్లీ చివరికి పోయిన.
పసుపు గోడ. పొట్టి మనిషి.
మెడకు చుట్టిన తెల్ల రుమాలు.
నేనెవలనో ఆమెకు తెల్వదు,
నా గొంతు ఎన్నడు గ్రూపుల పడలె.
నన్ను చూసింది, నా ఖాళీ బకెట్ చూసింది.
తన బిందె పక్కకు జరిపి
నా బకెట్ ధార కింద పెట్టింది.

సన్న ధార.
నిండేదాక ఇద్దరం నిలబడ్డం.