లాభం, రెండు, మూడు

మూడు వారాలు ఆ గోలీలను నీళ్లతో మింగిందట ఇద్దమ్మ.
పొద్దున సద్ది తిన్నాక ఒకటి,
రాత్రి పండబోయే ముందు ఒకటి.
"దమ్ము ఎప్పటి లెక్కనే ఉన్నది సారూ,
నీ మందుల సత్తువ లేదు" అని
మిర్యాలగూడ పెద్ద దవాఖానలో
నా కిటికీ కంతలోంచి ఖాళీ డబ్బా లోపలికి తోసింది.

మరి పీల్చే పీక ఏదమ్మా?

"గదా? ఈల అనుకున్న.
మనుమడు ఏడుస్తుంటే ఇచ్చిన.
మోగకపాయె, పారేసిండు."

నవ్వబోయి ఆగాను.
ఆ రోజు వరుసలో అరవై మంది.
కవరు మీద పెన్నుతో రెండు గీతలు గీసి
ముందుకు జరుపు, ముందుకు జరుపు అన్నాను.
పీల్చు అనే ఒక్క మాట
నా నోట్లోనే ఉండిపోయింది.

లోపలికి రమ్మని స్టూలు వేశాను.
ఇరవై రెండేళ్లు రైసు మిల్లులో
ఎలివేటరు కింద ఊడ్చిన మనిషి.
పని మానేసి ఏడాదైనా
కనురెప్పల మీద తవుడు రంగు పోలేదు.
కూర్చున్నా భుజాలు కూర్చోవడం లేదు,
ఒక్కొక్క ఊపిరికీ బస్తా ఎత్తుతున్నట్టు లేస్తున్నాయి.

గోలీ విప్పి అరచేతిలో దులిపాను.
గోరంత తెల్లటి పొడి.
ఇద్దమ్మ చూసింది, మొహం వెనక్కి తీసుకుంది.

"దుమ్ముతోటే గద రోగమొచ్చె.
మల్ల దుమ్మే మందంటవా?"

ఈ కిటికీలో పద్దెనిమిదేళ్లు,
ఈ మాట ఎవరూ అడగలేదు.

అవునమ్మా, అది వచ్చిన దారిలోనే ఇదీ పోవాలి.
లావు రేణువు గొంతు మలుపులో గుద్దుకుని ఆగిపోతుంది,
మరీ సన్నదైతే వదిలిన ఊపిరితో బయటికొస్తుంది,
వెంట్రుకలో పదోవంతో, ఇరవయ్యోవంతో ఉంటే
అని లెక్కల కోసం తడుముకుంటుంటే
చెయ్యి అడ్డం పెట్టింది.

"చేట పట్టినదానికి చెప్తున్నవా?
గట్టి గింజ కాళ్లకాడ్నే పడ్తది.
పొట్టు గాలెంబడి పోతది, ఇగ దొరకది.
నడుమది ఉంటది సూడు, సన్న తవుడు,
గాలి నిలిచినంక మెల్లమెల్లగ దిగుతది.
గదే నేను ఇరవై రెండేండ్లు తిన్నది."

నా దగ్గర ఇంకో మాట లేదు.
కొత్త పీక తీసి గోలీ పెట్టి తిప్పాను. టక్కుమన్నది.
ఊపిరంతా వదిలెయ్, పెదాలు బిగించి ఒక్కసారే గుంజు.

గుంజలేదు, ఊదింది.
నా రిజిస్టరు మీద, కళ్లద్దాల మీద తెల్లగా మంచు.
"ఈల అలవాటు" అని నవ్వింది, నవ్వు దగ్గయింది,
దగ్గు ఎంతసేపటికీ దగ్గే అయింది.

రెండో గోలీ.
ఈసారి మెడ కింద రెండు గుంటలు
నీళ్లు పట్టేంత లోతు పడ్డాయి.
ఆపు! పది దాకా వదలకు!

మూసిన నోటితో, వేళ్ల కణుపుల మీద
బొటనవేలు నడిపించింది.
బయట ఆంబులెన్సు రివర్సు పాట,
మందుల ఫ్రిజ్జు గురక.
బొటనవేలు ఆరో కణుపు దగ్గర వణికి
ఊపిరి జారిపోయింది.

ఆరు దాకా వచ్చావమ్మా.

"ఒకటి కాడి నుంచి అనుకోలే సారూ.
లాభం అన్న, మనసుల.
కొలిచేటప్పుడు ఒకటంటరా ఎవరన్న?"
నాలుక చప్పరించి,
"తియ్యగున్నది" అన్నది.

అది చక్కెర పొడి, నోటికే మిగులుతుంది.
మందు దిగిన చోట రుచి ఉండదు.
పో, పుక్కిలించి రా.

నల్లా కాడికి పోతూ మధ్యలో రెండు సార్లు ఆగింది.

రిజిస్టరు మీది తెలుపును ఊదెయ్యబోయి
ఎందుకో ఊపిరి బిగబట్టాను.
అంతకు ముందు ఎన్ని కవర్ల మీద
ఎన్ని గీతలు గీశానో.

కిటికీ కంతలోంచి
ఇంకెవరిదో చెయ్యి లోపలికి వచ్చింది, కవరు కోసం.

చుట్టు తిరిగి లోపలికి రా, అన్నాను.
కూసో.