తూకం

ముందు పెట్టెల్ని తూస్తారు,
తర్వాత మనుషుల్ని.
సేబా దీవికి టికెట్ కొన్నవాడు
బరువు దాచుకోడానికి లేదు.
రోసాల్బా అంకెని పైకి చదవదు,
పెన్సిల్‌తో రాసుకుంటుంది, అంతే.
నేను ఎనభై నాలుగు.
నా పనిముట్ల పెట్టె పంతొమ్మిది.
అక్కడి బేకరీలో పొయ్యి చచ్చిపోయిందట,
నాలుగు రోజులుగా ఊరు డబ్బా బిస్కెట్లు నములుతోందట.

నా వెనక వెర్లీన్.
ఏడు వారాల కింద ఇదే కాటా మీద
ఆమె ఒక్కతే, డెబ్బై ఆరు.
నెలలు నిండబోతుంటే ఆ దీవి ఆడవాళ్ళు
సముద్రం దాటి ఇటు రావాలి,
అద్దె గదిలో ఫ్యాన్ కింద పడుకుని
రోజులు లెక్కపెట్టుకోవాలి.
ఇవాళ ఆమె అరవై ఎనిమిది.
చంకలో ఉన్న మూటకి వేరే గీత, వేరే అంకె:
మూడున్నర.
పేరు గడి దగ్గర పెన్సిల్ ఆగింది.
"వాళ్ళ నాన్నకి చెప్పాక చెబుతాలే," అంది వెర్లీన్.
రోసాల్బా 'పాప' అని రాసి
కాగితం తిప్పేసింది.

పన్నెండు నిమిషాల ప్రయాణం.
కాక్‌పిట్‌కి తలుపు లేదు.
పైలట్ ఓత్‌మార్ మెడ మీద ఎండకి కమిలిన మడతలు.
అతను చూసేదంతా మేమూ చూస్తాం,
అది మంచిదో కాదో నాకింకా తేలలేదు.

నీళ్ళు. నీళ్ళు.
ఉన్నట్టుండి
ఎవరో కోపంలో విసిరేసి మరిచిపోయినట్టు
నిట్టనిలువునా ఒక కొండ,
నెత్తిన తడి తువ్వాలులా మబ్బు.
దిగే చోటెక్కడా అని వెతికాను.
కొండ మోకాలి దగ్గర ఒక బెత్తెడు బూడిదరంగు.
ఈ చివరా అగాధమే, ఆ చివరా అగాధమే.
రెండు చివర్లా తెల్లరంగుతో ఇంటూ గుర్తు,
లెక్కల పంతులు తప్పు కొట్టినట్టు.
మా వీధి మొదట్లో ఉండే మంగలి కొట్టు
ఇంతకన్నా దూరం.

విమానం రన్‌వే వైపు పోవడం లేదు.
కొండ వైపు పోతోంది.
రాళ్ళు కనిపించాయి, రాళ్ళ మధ్య పొదలు,
పొదల మధ్య ఒక మేక.
మేక నన్ను చూసింది.
నమలడం ఆపలేదు.

అప్పుడు ఎడమ రెక్క వంగింది,
కడుపులోది గొంతులోకొచ్చింది,
నా చెయ్యి ఎవరి చేతినో పట్టుకుంది.
దడ్ మని నేల.
ఇంజన్లు వెనక్కి గర్జించాయి,
ముందు సీట్లు మా మీదికొచ్చి
మళ్ళీ తమ చోటికి పోయాయి.
ఆగాం.

కిటికీలోంచి తల తిప్పి చూస్తే
ముందింకా సగం రన్‌వే ఉంది.
ఖాళీగా, ఎండలో, ఏమీ ఎరగనట్టు.

నేను పట్టుకున్న చెయ్యి కార్మైకేల్ అనే ముసలాయనది.
నెమ్మదిగా విడిపించుకుని వేళ్ళు విదిలించాడు.
"పొట్టిదంటారు అందరూ.
విమానమొకటి దిగి చూడాలంటే
ఇక్కడి బండలన్నీ మా నాన్నా వాళ్ళూ
చేతుల్తో ఎత్తి పక్కన పెట్టారు.
కుండతో నీళ్ళు మోసింది నేను.
నన్నడుగు, ఎంత పొడుగో."

గర్జనకి లేవని పాప
నిశ్శబ్దానికి లేచి ఏడ్చింది.

బయట ఎర్ర ఫైరింజన్ పక్కన
హెల్మెట్‌తో, బరువు కోటుతో ఒక కుర్రాడు.
చేతిలో గొట్టం సిద్ధంగా ఉంది.
ప్రొపెల్లర్లు పూర్తిగా ఆగేదాకా
అతను అక్కణ్ణుంచి కదలకూడదు.
కదలలేదు.
కళ్ళు మాత్రం మూడో కిటికీ మీద.
రెక్కలు మెల్లగా తిరిగి, ఇంకా మెల్లగా తిరిగి,
విడివిడిగా లెక్కపెట్టేటంత మెల్లగా తిరిగి
ఆగాక
గొట్టం కింద పెట్టి,
చేతితొడుగులు పళ్ళతో లాగేసి
పరిగెత్తాడు.

మెట్ల దగ్గర మూటని రెండు చేతుల్లోకి తీసుకుని
కొంచెం పైకి, కొంచెం కిందికి ఆడించాడు,
కాటా లేని చోట తూచినట్టు.
వెర్లీన్ అతని చెవిలో ఏదో అంది.
గాలికి నాకు మొదటి అక్షరం కూడా చిక్కలేదు.

పాస్‌పోర్ట్ చూసే అమ్మాయి
నా ముఖం చూడలేదు, పెట్టె చూసింది.
"రేపటికి రొట్టె వస్తుందా?"