ఆరో నెంబరు బాయి చూడవోయిన నాడు

టికెటు యాభై రూపాయలు.
పిల్లలకు సగం.
బాయి పనోని పెండ్లానికి రాయితీ లేదు, అడిగిన.

సంఘం బస్సు బెల్లంపల్లి దాటి
మట్టిగుట్ట మలుపు తిరిగేటప్పటికి
శంకరమ్మ పులిహోర డబ్బా మూత రెండుసార్లు తీసి చూసింది.
నూర్జాన్ అక్క కొత్త చెప్పులు ఒళ్లె పెట్టుకుంది.
మా ఓదెలు కిటికీకి ఆనుకోని
"ముప్పయ్యొక్కేండ్లు పైసలిచ్చి దించిన్రు,
ఇప్పుడు నేనిచ్చి దిగాల్నా?" అని
మిర్చిబండి కాడ బల్ల మీద కూలవడ్డడు.

పసుపుపచ్చ టోపీ నా కొప్పు మీద నిలవది.
గైడు పిలగాడు ప్రణీతు గదువ కింద పట్టీ బిగించిండు.
బాయి మూతవడ్డ ఏడు పుట్టిండట.
పాఠం అప్పజెప్పినట్టు చెప్తాండు:
ఇది హాలేజీ, ఇది టబ్బు, ఇది తట్ట, ఇది చెమ్మసు.

లోపటికి అడుగు వెట్టంగనే చల్లగాలి,
దాని ఎనుక వాసన.
ఆ వాసన నాకెవ్వరు చెప్పే పనిలేదు.
సోడల నానవెట్టి, బండకు కొట్టి,
మూడు బకెట్ల నీళ్ళు పోసినా పోనిది,
నా గోళ్ళ సందుల్ల ఇంకా ఉన్నది.
ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చూడని ఇల్లు,
దాని బట్టలన్ని నేనే ఉతికిన.

గోడకు సిమెంటు మనిషిని నిలవెట్టిన్రు.
మీసం దిద్దిన్రు. అంగీకి ఇస్త్రీ మడత.
పండ్లు తెల్లగ. నిజమే, తెల్లగనే ఉంటుండె,
ఇంటికచ్చేటప్పటికి మొఖంల అవ్వే కనవడుతుండె.
చెవుల ఎనుక బొగ్గు పెట్టుడు మరిచిన్రు.

బయటికచ్చినంక, "ఇప్పుడొక స్పెషల్" అన్నడు పిలగాడు.
పన్నెండు మీద పది నిమిషాలు.
సైరన్ వేసిండు.

బడి పిల్లలు చప్పట్లు కొట్టిన్రు.
మా సంఘంల పదకొండు మంది లేచి నిలవడ్డరు.
ఎవ్వరు లెవ్వుమనలేదు.
ఏడింటికైతె పొయ్యి, మూడింటికైతె కాగుల నీళ్ళు,
పదకొండింటికైతె తలుపు గొళ్ళెం.
పాలి కాని యాళ్ల మోగితె
ఉరుకుడే.
నూర్జాన్ అక్క అప్పటికే చెప్పులు ఇడిచింది.
ఆమె ఉరికిన దినం నాకెరుక, పక్కపొంటి నేనూ ఉరికిన.
నా మనిషి నడుసుకుంట పైకచ్చిండు.
ఆ ముచ్చట మేమిద్దరం ఎన్నడు తియ్యలే.
శంకరమ్మ ఆమెను కూసోవెట్టి
దొప్పల పులిహోర చేతికిచ్చింది.

"డౌట్లుంటె అడుగున్రి" అన్నడు పిలగాడు.
"తిండి యాడ కూసోని తింటుండిరి బిడ్డా?"
కాయితం అటిటు తిప్పిండు.
"అది మాకు చెప్పలేదమ్మా."

ఓపెన్‌కాస్టు గుంత ఇప్పుడు చెరువు.
చెరువుల హంస పడవ, తొక్కితెనే నడుస్తది.
దీనికి మాత్రం ఓదెలు రెండు టికెట్లు కొన్నడు.
ఎంత లోతని అడిగితె
"మస్తుంటది, దిగినోనికెరుక" అన్నడు.
అప్పుడడిగిన, పిలగాన్ని అడిగిన మాటనే.
కొంచెంసేపు తొక్కిండు.
"మూడో డీపుల, పంపు పక్కన.
బత్తి ఒడ్శిపోతదని ఆర్పుకోని తింటుంటిమి."
"చీకట్లనా? నేనేం కూర పెట్టిన్నో ఎట్ల తెలుసు?"
"చెయ్యి వెడితె తెల్వదా."
ఇంకింతసేపు తొక్కిండు.
"ఉప్పు మరిచిన దినాలు గూడ తెలుస్తుండె."

ఎన్నడన్న చెప్పినోడా!
హంస మెడకు రంగు లేచి
లోపటి ఇనుము కనవడ్తాంది.

పొద్దుగూకంగ మట్టిగుట్ట మీద పార్కుల లైట్లేసిన్రు.
పెట్టిన చెట్లు ఇంకా నడుమెత్తే.
బొగ్గు టబ్బుల నిలవడి ఫొటో దిగినం,
అందరం నవ్వినం, నేను గూడ.

బస్సు తలుపు కాడ లీడరు రాజకుమారి
వేలు చూపుకుంట తలకాయలు లెక్కవెట్టింది.
ఒకలు తక్కువ.
మల్ల మొదటి సీటు సంది లెక్కవెట్టింది.
ఓదెలు చెయ్యి అంగీ జేబుల బిళ్ళ కోసం తడుముతాంది,
లేదని తెలిసినా.

నూర్జాన్ అక్క ఆఖరుకు ఎక్కింది,
పాదాలు నల్లగ, చెప్పులు చేతిల.

"ముప్పై నాలుగు. సరిపోయింది,
పోనియ్."