బాగు అంటే రెండు

గుణుపురంలో ఆటోమేటిక్ బళ్ళు నాలుగో ఐదో.
వాటిలో ఒకటి పదకొండు రోజులుగా
నా షెడ్డులో జాకీల మీద ఉంది.
గేరుబాక్సు కింద, పాత టైరు గూట్లో, మూతి పైకి.
వంశధార మీంచి తడిగాలి.
రేకుల మీద ఒక చినుకు. ఆగి, ఇంకొకటి.

కన్వర్టరుకి ముందు తాగించాలి.
లీటరు ఎర్రనూనె, గొంతులోకి మెల్లగా, ఉగ్గు పట్టినట్టు.
ఎండు గిన్నె ఎక్కించినవాడు
మొదటి నిమిషంలోనే పంపుని ఏడిపిస్తాడు.
సీలు పెదవికి వేలితో తడి రాసి,
రెండు చేతులా ఎత్తి షాఫ్టు మీదికి దించాక
ఇక తొయ్యకూడదు. తిప్పాలి.
తిప్పుతూ, ఊపుతూ, అదే దిగేదాకా.
లోపల మూడు మెట్లు. ఒక్కటీ కంటికి ఆనదు.

"లెక్కపెట్టరా" అన్నాను ఇస్రాయేలుతో.
పుట్టాసింగి కొండల సవర గుంటడు, వచ్చి నెల కాలేదు.
వాడికి నా తెలుగు సగం, నాకు వాడి సవర సున్నా,
మధ్యలో ఒడియా నడుస్తుంది.

టక్.
"అబోయ్" అన్నాడు.
ఆశ్చర్యపోయాడనుకున్నాను.
గిన్నె బరువు మణికట్టులోంచి మోచేతికి పాకింది.
టక్.
"బాగు" అన్నాడు.

బాగుంటే ఇంకేటి.
చేతులు తుడుచుకుని, జాకీ మీదికెత్తి, బండి కిందకి తోశాం.
పిన్నులు కన్నాలకి ఎదురొచ్చాయి.
ఇంజనుకీ దీనికీ మధ్య అరంగుళం సందు.
ఎవడికైనా బోల్టు గుర్తొచ్చే సందు అది.
నాలుగు పెట్టి తలో చుట్టూ బిగిస్తే
ఇనుము ఇనుము దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది?
వస్తుంది. పంపు చెవులు విరుచుకుని మరీ వస్తుంది.
పర్లాకిమిడిలో, నా పంతొమ్మిదో ఏట,
అలా లాగాను ఒకదాన్ని.
పద్నాలుగు నెలల జీతం ఆ పంపు.
బెహరా మేస్త్రి తిట్టలేదు.
విరిగిన ముక్కని నా టిఫిను డబ్బాలో పెట్టి ఇంటికి పంపాడు.

పానా కింద పెట్టాను.
"మూడోది విన్నావేట్రా?"
వాడు తల అడ్డంగా ఊపి
రెండు వేళ్ళు నా ముక్కు దగ్గరికి తెచ్చాడు.
"బాగు" అన్నాడు మళ్ళీ, ఓపిగ్గా,
చెవిటివాడికి చెప్పినట్టు.

ముందు నవ్వొచ్చింది. తరవాత చెమట పట్టింది.

అంతా దించాం. మళ్ళీ మూతి పైకి.
మా అమ్మకి ఇద్దరు నిలవలేదు.
మూడోవాణ్ణి పొరుగింటికి చేటెడు తవుడుకి అమ్మి
తిరిగి కొనుక్కుంది. అందుకే తవిటయ్యని.
ఆ మాట ఇప్పుడెందుకో.
చేతులు తిప్పుతూనే ఉన్నాయి.
వాన పెరిగి రేకులు మోగుతుంటే
వాడు ఇనుముకి చెవి ఆనించాడు.
పావు చుట్టు. వెనక్కి. మళ్ళీ పావు.
చప్పుడు నాకు వినపడలేదు.
అరచేతుల్లో ఏదో వదిలింది,
గిన్నె అరంగుళం కుంగింది.
"యాగి."

స్కేలు అడ్డం పెట్టి లోతు చూశాను.
ఈసారి బండి కింద ఉత్త చేత్తో నెడితే
అంచు అంచుని ముట్టింది.
కింది కిటికీలోంచి వేలు పెట్టి తిప్పితే
గిన్నె తిరిగింది, దేనికీ రాసుకోకుండా,
రూపాయి బిళ్ళంత ఖాళీలో.
బోల్టులు ఆ తరవాత.

రేపు నాలుగుని ఏమంటారో వాణ్ణి అడగాలి.
నాలుగో చప్పుడేమీ లేదనుకో.