సగం బోర్డు

జగదాంబ వెనక సందులో నా రంగుల కొట్టు.
బీచ్ రోడ్డు హోటలు భుజంగరావు గారు
కాగితం ముక్క ఇచ్చారు:
"ప్రవేశ హక్కు యాజమాన్యానిదే."

ఎర్రరంగు కలుపుతూ అడిగాను,
ఎవరి కోసమండీ ఇది?
"నా డబ్బు, నా గుమ్మం.
గంప బయట దించేసి
ఏసీలో కూచుంటానంటే ఎలాగయ్యా?"

తప్పనడానికి నోరు రాలేదు.
కిందటి ఎలక్షన్లో ఒకడి బూతు
గోడ మీద రాయనన్నాను.
నా కుంచె, నా ఇష్టం అన్నాను.
నా మాటే, ఇప్పుడు ఆయన నోట్లో.

కానీ నేను పొమ్మన్నది మాటని.
ఆ మనిషికి స్టూలేసి
మంచినీళ్లిచ్చాను,
ఇంకేదైనా రాస్తానన్నాను.

జాలరిపేట పరదేశమ్మ
తెల్లారి అయిదింటికి
ఆ హోటలు వెనక గుమ్మంలో వంజరం తూస్తుంది.
మధ్యాహ్నం అదే వంజరం
ముందు హాల్లో, నిమ్మచెక్కతో,
తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద
మర్యాదగా కూచుంటుంది.

"ప్రవేశ హక్కు" వరకూ రాసి ఆగాను.
ఉప్పుగాలి. రంగు ఎంతకీ ఆరదు.
రెండక్షరాల అవతల రేకు ఖాళీగా ఉంది,
ఎవరి పేరైనా పడుతుంది.

అడ్వాన్సు తిరిగిచ్చేద్దామంటే,
అబద్ధమెందుకు,
రెండొందల్లో యాభై
నిన్న రాత్రే అయిపోయింది.