తొమ్మిదీ నలభై

గుణుపూర్‌లో మార్గశిరపు మంచు
వంశధార మీంచి లేచి
మా పెరటిగోడ దాకా వచ్చి కూలబడుతుంది.
ఏడైనా కదలదు. ఎనిమిదైనా అంతే.
డిసెంబరాలు మాత్రం చీకట్లోనే విచ్చుకుని
ఊదారంగు నోళ్ళు తెరిచి
ఎవరికోసమో కాసుకుని ఉంటాయి.

నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన కన్ను నాది.
కొట్టు మూసేసినా భూతద్దం పారెయ్యలేదు.
దాంతో చూస్తే తెలిసింది:
పువ్వు గొంతులో రెండు పొడుగు కేసరాలు,
వాటిని దాటి వంగిన ఒక్క కీలం,
సెకన్ల ముల్లంత సన్నం.
పుప్పొడి ఉంది. మోసేవాడే లేడు.

ఎండ తగిలితేగాని తుమ్మెదకు రెక్క ఆడదు.
పాత చిట్టా పుస్తకంలో రాసుకున్నాను:
సోమవారం తొమ్మిదీ నలభై.
మంగళవారం తొమ్మిదీ ముప్పై ఎనిమిది.
బుధవారం మబ్బు, రాలేదు.
లక్ష్మివారం వచ్చింది, పువ్వులే లేవు.

లక్ష్మివారం అంటే మినతి.
గోడ అవతల బెహెరా గారి కోడలు.
కోడి కుయ్యకముందే వాకిట్లో పిండితో
అమ్మవారి పాదాలు దిద్దేసి
మా కొమ్మలన్నీ సజ్జలోకి దులిపేస్తుంది.
మాకూ అదే నోము, అదే వారం.
వద్దనడానికి నోరెలా వస్తుంది?

చేమంతులు కోసుకోమ్మా అన్నాను.
కటకం నుంచి తెప్పించిన ముద్దచేమంతులు,
రేకు మీద రేకు, అంతా సింగారమే.
తేనెటీగ వాలి, వెతికి వెతికి,
బేరం కుదరని మనిషిలా లేచిపోతుంది.
మినతీ అలాగే చూసి పెదవి విరిచింది.
అమ్మవారికి ఊదాయే ఇష్టమట.

ఇక చేసేదిలేక భూతద్దం ఆమె చేతికిచ్చాను.
చాలాసేపు చూసింది.
"ఇంత ఉందా లోపల!" అంది ఒడియాలో,
ముక్కుకంటిన పిండి తుడుచుకోకుండానే.

పై వారం
ఒక కొమ్మకి ఎర్రదారం కట్టి ఉంది.
"ఇది భొమొరొది. కొయ్యను."
తుమ్మెద, అన్నాను నేను.
పేరుతో దానికేం పని?
వేళకి వచ్చి
పువ్వులోకి సగం ఒళ్ళు దూర్చి
వీపంతా పిండి చేసుకుని
దారం మీంచి నడిచి పక్క పువ్వుకెళ్ళింది.

మాఘం చివర
ఎండిన కాయ ఒకటి టిక్కుమని పగిలింది.
గింజ గోడకి ఎటు పడిందో చూడలేదు.
పాత అలవాటు కదా,
ఖాళీ చెయ్యి
చెవి దగ్గరికి పోయింది.