రశీదు

నీవా గట్టున ఇల్లు ఖాళీ చేస్తావుంటే
ట్రంకుపెట్టె అడుగున దొరికింది
మా నాయన ఖాకీ సంచి.
అందులో అట్ట ఊడిన లైసెన్సు పుస్తకం,
ఏడాదికొక బిళ్ల, బిళ్ల మీద తపాలా ముద్ర.
ఒక ముద్రలో చిత్తూరు సగమే పడింది.

మా నాయన చెంగల్రాయులు
రేడియో లైసెన్సులు తనిఖీ చేసేవాడు.
గిరింపేట సందులో ఆయన సైకిలు గంట మోగితే
పాటలన్నీ ఒక్కసారి నోరు మూసుకునేవి.
బియ్యం గూనలోకి ఒకటి,
పరుపుచుట్టలోకి ఒకటి,
దూడకు కప్పిన గోనెపట్ట కిందికి ఒకటి.
ఒకసారి గూనలోంచే ధరలు చదివిందంట ఒక ఆడగొంతు:
"చిత్తూరు మండీ, బెల్లం, మొదటి రకం..."
ఇంటాయన గట్టిగా దగ్గినాడు.
మా నాయన కూడా దగ్గినాడు,
దగ్గతానే పేరు రాసుకున్నాడు.

బడిలో నా పక్కన ఎవురూ కూర్చునేది లేదు.
"పాటకు పన్నేసేవాని కూతురు."
ఒక రాత్రి అడిగినాను,
గాలికి దుడ్లేంది నాయనా అని.
సైకిలు చెయినుకు నూనె పోస్తా
"గాలికి కాదు పాపా,
గాలిలో మాట్లాడే మనిషికి" అన్నాడు.
ఆ మనిషిని ఏం మాట్లాడమన్నారో,
ఎవురన్నారో, అది చెప్పలేదు.
కొన్నేళ్లు ఆ గొంతు పొద్దస్తమానం
పెద్దోళ్లను పొగడతానే ఉండింది.
ఆ ఏళ్లూ పదిహేను రూపాయలే,
ఒక్క పైసా తగ్గలేదు.

గుడిపాల పక్క పొన్నమ్మ,
చెరుకు నరికే కూలీ.
రేడియో మొగుడు కొన్నది, మొగుడు లేడు.
చిల్లర పైసల్లో, రెండు విడతలుగా కట్టింది.
రేపు వాన అని చెప్పిన రేపు
వాన రాలేదు.
రశీదు పట్టుకోని నడిచొచ్చింది పోస్టాఫీసుకు.
"దుడ్లు తీసుకున్నారు గదా,
అబద్ధం ఎందుకు చెప్పినారు?"
గుమాస్తాలు నవ్వినారు.
మా నాయన కార్డు కొని
ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి
కడప స్టేషనుకు పంపినాడు.
జవాబు వచ్చిందో లేదో.

తర్వాత ఫీజు ఎత్తేసినారు.
గూనల్లోంచి పాటలు వీధిలోకొచ్చినాయి.
మా నాయన స్టాంపుల కిటికీ వెనక కూర్చున్నాడు,
సైకిలు అమ్మేసినాడు.
పొన్నమ్మ మళ్లీ రాలేదు,
ఏ రశీదుతో వస్తుంది?

ఇప్పుడు ఫోనుకు నెలనెలా కడతాను,
ఎంతో చూడకుండా, ఎవురికో తెలీకుండా.
వార్తకు ముందు సబ్బు, మధ్యలో నగలు,
అయిపోయినాక వార్తేందో గుర్తుండదు.
కోపమొస్తే ఏ కిటికీకి పోవాల?

ఆ నవంబరు వానలకు
నీవా వంటింట్లోకి వచ్చినప్పుడు
కరెంటు లేదు, ఫోన్లు చచ్చినాయి.
మిద్దె మీద పక్కింటి షంషాద్
గోడ గడియారంలోంచి సెల్లులు పీకి
పాత ట్రాన్సిస్టరుకేసింది.
గరగరలోంచి ఒక గొంతు,
ఏ వంతెన తెగిందో,
ఏ బడిలో అన్నం పెడతా ఉండారో.
ఆ గొంతుకు జీతం ఎవురిస్తారని
ఆ రాత్రి మేం అడగలేదు.
తెల్లారినాకైనా అడగాల్సింది.

నా అన్న కొడుకు జగన్నాథం అంటాడు:
"నేను వినని దానికి నేనెందుకు కట్టాల అత్తా?"
నిజమే.
నేను ఎక్కని వంతెనకు నేను కట్టలేదా అంటాను.
అదీ పూర్తిగా నిజం కాదు,
వంతెన ఎవురినీ పొగడదు.
"ఆ కూలామె దగ్గరా గుంజుకున్నాడు గదా తాత?"
దానికి నా దగ్గర మాట లేదు.

పుస్తకం మొదటి పేజీ వెలుగులోకి పట్టుకుని చూసినాను.
పేరు మా నాయనది కాదు.
పొన్నమ్మ, భర్త లేటు దొరసామి, గుడిపాల.
చివరి మూడు బిళ్లలూ
ఒకే రోజు ముద్రతో ఉండాయి.
ఆమె దగ్గర జప్తు చేసినాడా,
తానే కట్టినాడా.

పాత పేపర్లాయన సంచి తూకానికి అడిగినాడు.
ఇంకా నాలుగు గళ్లు ఖాళీగా ఉండాయి, ఇయ్యను అన్నాను.
ఆయనకు అర్థం కాలేదు.
పుస్తకం తీసుకోని సంచి ఒక్కటే ఇచ్చినాను.